వాన చెక్కిన ఇరుకుగండి

పిల్లలూ! ఎడారిలో మనిషికి వచ్చే ఆపద ఏమిటని ఎవరైనా అడిగితే మీరు తడుముకోకుండా "దాహం" అంటారు. అది నిజమే. కాని ఏడాది పొడుగునా వాన చుక్క కోసం మొహం వాచే ఒక ఎడారిలో, తల మీద సరైన మబ్బయినా లేకుండా, వరద వచ్చి మనుషులు కొట్టుకుపోయిన చోటు ఒకటి ఉన్నది. చిత్రమేమంటే, లోకంలో చూడదగిన అందమైన చోట్లలో అది ఒకటి. అంతకన్న చిత్రం, ఆ అందాన్ని చెక్కినది కూడా ఆ వరదే. ఈ నెల మనం అక్కడికి వెళ్ళి, ఒక గంటసేపు తిరిగి వద్దాం.

ఆ చోటి పేరు యాంటిలోప్ కాన్యన్. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నైరుతి దిక్కున ఆరిజోనా అనే రాష్ట్రం ఉన్నది. దాని ఉత్తరపు సరిహద్దుకు చేరువగా పేజ్ అనే చిన్న ఊరున్నది. ఈ ఊరు పాతది కాదు. కొలరాడో నదికి అడ్డంగా గ్లెన్ కాన్యన్ ఆనకట్ట కట్టే పని 1956లో మొదలయింది. మన నాగార్జునసాగర్ శంకుస్థాపన జరిగిన మరుసటి ఏడన్నమాట. ఆ పనివాళ్ళు ఉండటానికని 1957లో ఈ ఊరు కట్టారు. అక్కడినుంచి కొద్ది మైళ్ళ దూరంలోనే మనం చూడబోయే వింత ఉన్నది.

కాన్యన్ అంటే గండి. కొండను కోసుకుని నీరు పారే దారిని మనవాళ్ళు గండి అంటారు. కడప జిల్లాలో పెన్నానది ఎర్రమల కొండలను కోసుకుని పారేచోట ఉన్న కోటకు గండికోట అనే పేరు అందుకే వచ్చింది. అయితే గండికోట దగ్గర గండి విశాలంగా ఉంటుంది. ఈ గట్టున నిలబడి ఆ గట్టు చూడవచ్చు, అడుగున పారే నది చూడవచ్చు. యాంటిలోప్ గండి అలాటిది కాదు. ఇది ఇరుకుగండి. కొన్ని చోట్ల చేతులు చాచితే రెండు పక్కల గోడలూ అందుతాయి. గోడల ఎత్తు మాత్రం సుమారు 120 అడుగులు, అంటే పది పన్నెండు అంతస్తుల మేడంత! ఒక పెద్ద రాతిని ఎవరో కత్తితో పైనుంచి కిందికి కోసినట్టుంటుంది.

యాంటిలోప్ అంటే జింకవంటి జంతువు. పూర్వం ఇక్కడ ప్రాంగ్‌హార్న్ అనే జంతువులు మందలుగా మేసేవి. వాటినిబట్టే ఈ పేరు వచ్చింది. ప్రాంగ్‌హార్న్ చూడటానికి జింకలాగే ఉన్నా, శాస్త్రజ్ఞులు దాన్ని జింకల కుటుంబంలో చేర్చరు. ఇప్పుడు బతికి ఉన్న జంతువులలో దానికి దగ్గరి చుట్టాలు జిరాఫీ, ఒకాపీ అంటే మీరు నమ్ముతారా?

ఈ గండి ఉన్న నేల నవహో జాతివారిది. వారు తమను తాము "దినే" అని చెప్పుకుంటారు. దినే అంటే "మనుషులు" అని అర్థం. 1864లో అమెరికా సైన్యం వారిని తమ ఇళ్ళనుంచి వెళ్ళగొట్టి, తూర్పుగా వందల మైళ్ళు నడిపించింది. దారిలోనూ, చేరిన చోటా ఎందరో చనిపోయారు. 1868లో ఒడంబడిక కుదిరి, మిగిలినవారు తమ నేలకు తిరిగి వచ్చారు. ఇప్పుడు వారి దేశం మూడు రాష్ట్రాలలో, సుమారు 27,000 చదరపు మైళ్ళ మేర వ్యాపించి ఉన్నది. వారికి తమ అధ్యక్షుడు, తమ శాసనసభ, తమ న్యాయస్థానాలు, తమ పోలీసులు ఉన్నారు. గడియారం కూడా వేరే! వేసవిలో అమెరికాలో చాలా రాష్ట్రాలవారు గడియారాలను ఒక గంట ముందుకు తిప్పుకుంటారు. ఆరిజోనావారు తిప్పరు. అదే ఆరిజోనాలో ఉన్న నవహోవారు తిప్పుతారు. పేజ్ ఊళ్ళోనూ, ఈ గండి చూపించేవారి దగ్గరా మాత్రం ఆరిజోనా టైమే నడుస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర దీంతో పని పడుతుంది.

గండి రెండు భాగాలుగా ఉన్నది. ఎగువ భాగాన్ని నవహోవారు "త్సే బిఘానిలిని" అంటారు. "రాళ్ళ మధ్యగా నీరు పారే చోటు" అని దాని అర్థం. ఈ మాట మనసులో ఉంచుకోండి. మనం ఇప్పుడు చూసేటప్పుడు అక్కడ నీటి బొట్టు ఉండదు. కాని తరతరాలుగా ఆ నేల మీద బతికినవారు దానికి నీటి పేరే పెట్టారు.

ఇక్కడికి ఒంటరిగా వెళ్ళటానికి వీలులేదు. నవహోవారి గైడు వెంట ఉండితీరాలి. సరే, మనం టిక్కెట్లు కొనుక్కుని ఎగువ గండికి బయలుదేరాం అనుకోండి. ఇసుకలో పోగల పెద్ద చక్రాల బండి మనని ఎక్కించుకుంటుంది. దారంటూ వేరే లేదు. ఎండిపోయిన వాగే దారి! రెండు మూడు మైళ్ళ మేర ఇసుకలో ఊగుతూ, తూలుతూ పోయి, ఒక ఎర్రటి రాతిగుట్ట ముందు ఆగుతాం. గుట్టలో ఒక చీలిక కనిపిస్తుంది. "ఇంతేనా?" అనిపిస్తుంది. గైడు వెనకనే లోపల అడుగు పెడతాం.

లోపలికి పోగానే ఎండ మాయమై చల్లగా అవుతుంది. కాళ్ళ కింద మెత్తటి ఇసుక. గోడలు తిన్నగా ఉండవు. కుమ్మరి సారె మీద తిరిగే బంకమట్టిలాగా మెలికలు తిరిగి, అలలు అలలుగా, ఒకచోట ముందుకు పొంగి, ఒకచోట వెనక్కు గుంటపడి ఉంటాయి. ఎక్కడా ఒక మూల గాని, పదునైన అంచు గాని కనిపించదు. పైకి చూస్తే గోడలు దగ్గరికి వచ్చి, నడుమ సన్నని ఆకాశపు పేలిక మాత్రం మిగులుతుంది. అడుగున కొంచెం వెడల్పు, పైన ఇరుకు. ఈ దారి మొత్తం పొడుగు సుమారు 660 అడుగులు. మామూలుగా నడిస్తే మూడు నాలుగు నిమిషాలు చాలు. కాని అక్కడ ఎవరూ మామూలుగా నడవరు. తల ఎత్తి, నోరు తెరిచి, ఆగి ఆగి నడుస్తారు.

ఈ రాయి ఎక్కడినుంచి వచ్చింది? గోడను దగ్గరగా చూస్తే సన్నని గీతలు వరసలు వరసలుగా, ఏటవాలుగా కనిపిస్తాయి. అవి ఒకప్పటి ఇసుక తిన్నెల గుర్తులు. సుమారు 19 కోట్ల ఏళ్ళ కిందట, భూమి మీద రాక్షసిబల్లులు తిరిగే కాలంలో, ఇక్కడ ఒక బ్రహ్మాండమైన ఇసుక ఎడారి ఉండేది. గాలి ఇసుకను తిన్నెల మీదికి ఎక్కించి అవతలి వాలుకు జారవిడిచేది. ఒక వాలు మీద ఇంకొక వాలు పడుతూ వచ్చింది. ఆ వాలులే ఈ గీతలు. తరవాత వాటి మీద ఇంకా ఎన్నో పొరలు పేరుకున్నాయి. నేలలోని నీరు సున్నపు పదార్థాన్ని, ఇనప తుప్పును మోసుకువచ్చి ఇసుక రేణువుల మధ్య చేర్చింది. ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు ఇసుకను పట్టి ఉంచినట్టు, అవి రేణువులను పట్టి ఉంచాయి. ఆ విధంగా ఇసుక ఇసుకరాయి అయింది. ఎరుపు రంగు ఎక్కడిదంటారా? వానకు తడిసిన మేకుకు పట్టే తుప్పు చూడండి. అదే ఇదీను.

తిన్నెలను కట్టినది గాలి. గండిని కోసినది నీరు. రాతిలో మొదట సన్నని పగుళ్ళుండేవి. ఎప్పుడో ఒకసారి కుండపోతగా వాన కురిస్తే, వరద ఆ పగులులోకి దూరేది. ఒట్టి నీరయితే ఇసుకరాయిని కోయటానికి చాలా కాలం పట్టును. కాని ఎడారి వరద తన వెంట ఇసుకనూ, గులకరాళ్ళనూ మోసుకువస్తుంది. వడ్రంగి గరుకు కాగితం పెట్టి కొయ్యను రుద్దినట్టు, అది రాతిని రుద్దుతుంది. ఇరుకులో నీరు సుడులు తిరుగుతుంది. ఆ సుడుల రూపమే గోడల మీద నిలిచిపోయింది. మీరు చూస్తున్న మెలికలన్నీ, కదిలిపోయిన నీటికి కదలని ముద్రలు.

వేసవిలో మధ్యాహ్నపు వేళ లోపల ఉంటే ఇంకొక వింత చూడవచ్చు. పై చీలికలోనుంచి ఎండ తిన్నగా దిగి, చీకటిలో వెలుగు స్తంభం నిలబెట్టినట్టు అవుతుంది. గైడు గుప్పెడు ఇసుక తీసి పైకి చల్లుతాడు. వెంటనే ఆ స్తంభం ధగధగమని వెలుగుతుంది. కారణమేమంటే, వెలుగు మన కంటికి ఎదురుగా వస్తేనే తప్ప కనిపించదు. పక్కగా పోయే వెలుగును దుమ్ము రేణువులు నాలుగు దిక్కులకూ చిమ్మితే, అందులో కొంత మన కంటికి చేరుతుంది. చలికాలంలో సూర్యుడు ఆకాశంలో కిందుగా పోతాడు కనక, ఎండ గండి అడుగుదాకా దిగదు. అప్పుడు ఈ స్తంభాలు ఉండవు.

రంగులు మాత్రం ఏ కాలంలోనైనా ఉంటాయి. పైన గోడలు పసుపు, కొంచెం కిందికి నారింజ, ఇంకా కిందికి కుంకుమ ఎరుపు, ఎండ బొత్తిగా సోకని మూలల్లో ఊదా. రాయి అంతా ఒకటే అయితే ఇన్ని రంగులెందుకు? వెలుగు ఒక గోడకు తగిలి ఎదుటి గోడ మీద పడుతుంది. అక్కడినుంచి మళ్ళీ ఇవతలికి. తగిలినప్పుడల్లా రాయి మిగతా రంగులను కొంత మింగి, ఎరుపును ఎక్కువగా వదిలిపెడుతుంది. కిందికి వచ్చేసరికి ఎరుపు చిక్కబడుతుంది. నీడ మూలల్లో ఆకాశపు నీలి వెలుగు కాస్త కలిసి, ఎరుపు ఊదాగా మారుతుంది.

దిగువ గండి దీనికి తలకిందులు. అది పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉంటుంది. నేల మీద నడుస్తూ ఉంటే మామూలు బీటలా కనిపిస్తుంది. అందులోకి ఇనప నిచ్చెనల మెట్ల మీదుగా దిగాలి. నవహోవారు దాన్ని "మెలికలు తిరిగిన రాతి తోరణాలు" అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

ఆ ఇనప నిచ్చెనలకు ఒక కథ ఉన్నది. అది విచారకరమైన కథ. అయినా మీరు తెలుసుకోవలసినదే.

1997 ఆగస్టు 12వ తేదీ మధ్యాహ్నం దిగువ గండిలో 11 మంది యాత్రికులు, ఒక గైడు ఉన్నారు. వాళ్ళున్న చోట వాన లేదనే చెప్పాలి. కాని కొన్ని మైళ్ళ ఎగువన ఉరుములతో పెద్ద వాన కురిసింది. ఆ నీరు ఎండిన వాగు పట్టుకుని గండిలోకి వచ్చి పడింది. అప్పటి నిచ్చెనలు కొయ్యవి. వరద వాటిని పెళ్ళగించి తీసుకుపోయింది. ఎక్కి రావటానికి దారి లేకపోయింది. 11 మంది యాత్రికులూ చనిపోయారు. ఆ గైడు ఒక్కడే ప్రాణాలతో మిగిలాడు.

అక్కడ ఏడాదికి మొత్తం ఆరేడు అంగుళాల వాన కూడా కురవదు. మరి అంత వరద ఎలా వచ్చింది? మన పొలాల్లో అయితే వాన నీరు చాలావరకు మట్టిలో ఇంకుతుంది. చెట్లూ, గడ్డీ దాన్ని ఆపుతాయి. అక్కడ ఉన్నది ఒట్టి రాయి. మేడ డాబా మీద పడిన నీరు ఒక్క గొట్టంలోనుంచి దూకినట్టు, ఎన్నో మైళ్ళ రాతి నేల మీద పడిన నీరంతా ఒకే చీలికలో దూరాలి. చిన్న లెక్క వేసి చూడండి. 100 అడుగుల వెడల్పు వాగులో నీరు అర అడుగు లోతున పారుతున్నదనుకోండి. చీలమండ కొంచెం మునుగుతుంది, అంతే. అదే నీరు అదే వేగంతో 5 అడుగుల వెడల్పు గండిలో పారవలసివస్తే, లోతు ఎంతవుతుంది? 10 అడుగులు! నిజానికి 6 అంగుళాల లోతు నీరే వడిగా పారితే పెద్ద మనిషిని కూడా పడదోయగలదు. ఇక 10 అడుగుల మాట చెప్పాలా?

ఆ తరవాత నవహోవారు ఇనప నిచ్చెనలను రాతిలోకి బోల్టులతో బిగించారు. ఆపద వస్తే పైనుంచి వదలటానికి బలమైన తాళ్ళ వలలు పెట్టారు. టిక్కెట్లు ఇచ్చే చోట వాతావరణ కేంద్రం వార్తలు చెప్పే రేడియో, హెచ్చరించే బూర ఉంచారు. 2006 అక్టోబరు ఆఖరులో మళ్ళీ పెద్ద వరద వచ్చింది. అప్పుడు దిగువ గండిని కొన్ని నెలలపాటు మూసివేసి, పేరుకున్న ఇసుకనూ, మట్టినీ తొలగించారు. వరదలు మానలేదు, మానవు కూడాను. మానితే గండి చెక్కటం ఆగిపోయిందన్నమాటే.

ఆ దేశంలో కూడా ఈ వానల కాలాన్ని మాన్సూన్ అంటారు. మన రుతుపవనాలకు ఇంగ్లీషువాళ్ళు వాడే మాటే అది. "ఋతువు" అనే అర్థం గల "మౌసిమ్" అనే అరబ్బీ మాటనుంచి పుట్టింది. అక్కడ ఈ కాలం జూన్ నడిమినుంచి సెప్టెంబరు ఆఖరుదాకా. యాత్రికులు ఎక్కువగా వచ్చే రోజులూ, వెలుగు స్తంభాలు నిలబడే రోజులూ కూడా అవే. అందుచేత ఆ రోజుల్లో ఒక్కొక్కసారి గైడు యాత్రను ఉన్నట్టుండి ఆపేస్తాడు. ఎంతో దూరంనుంచి వచ్చిన యాత్రికులు తల ఎత్తి చూస్తారు. ఎండ కాస్తూ ఉంటుంది. "వాన ఏదీ? డబ్బు కట్టాం కదా, ఎందుకు పోనివ్వవు?" అని కొందరు కోప్పడతారు. గైడు చూసేది వాళ్ళ తల మీది ఆకాశం కాదు. వాగు ఎక్కడినుంచి వస్తున్నదో అక్కడి ఆకాశం.

ఈ సంగతి మనకు కొత్తది కాకూడదు. మన ఊళ్ళ పక్కన వాగులున్నాయి. వేసవిలో వాటి ఇసుకలో మీరు ఆడుకుంటారు. తొలకరి రోజుల్లో ఇక్కడ చినుకు లేకపోయినా, ఎగువన కొండల్లో కురిసిన వాన వాగును పొంగిస్తుంది. దాటవద్దని ఊళ్ళో పెద్దవాళ్ళు కేకవేస్తే, నీరు మోకాలి లోతే కదా అని దిగేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటున్నారు. మీ ఇంట్లో తాతయ్యనో, అమ్మమ్మనో అడగండి. తమ వాగు పొంగినప్పటి కథ ఒకటైనా చెబుతారు. నీటిని చూసి లోతు తెలుసుకోవచ్చునేమోగాని, వెనక ఎంత నీరు వస్తున్నదో తెలియదు. అది ఆ చోటున పుట్టి పెరిగినవారికే తెలుస్తుంది. త్సే బిఘానిలిని అని నీటి పేరు పెట్టినవారికి తెలిసినట్టు.

గండినుంచి బయటికి రాబోయే ముందు ఒక మాట. ఇసుకరాయి మెత్తనిది. వేలితో గట్టిగా రుద్దితే రేణువులు రాలుతాయి. అందుకే గోడల మీద పేర్లు చెక్కనివ్వరు. అక్కడ చెక్కే హక్కు వాన ఒక్కదానికే ఉన్నది.

ఇంట్లో చేసి చూడండి:

1. పొద్దున ఎండ పడే గదిలో తలుపులు, కిటికీలు మూసి, ఒక్క సందు మాత్రం ఉంచండి. ఎండ గీత మొదట సరిగా కనిపించదు. దానిలో సుద్దముక్కల పొడి కొంచెం దులపండి. వెలుగు స్తంభం మీ ఇంట్లోనే నిలబడుతుంది. సందులోనుంచి సూర్యుణ్ణి మాత్రం చూడకండి, కళ్ళకు ప్రమాదం.

2. ఒక ఎర్ర అట్టను మధ్యకు మడిచి, పుస్తకంలా కొంచెంగా తెరిచి పట్టుకోండి. అంచుల దగ్గరి ఎరుపునూ, మడత లోపలి ఎరుపునూ పోల్చి చూడండి. ఏది చిక్కగా ఉన్నది? ఎందుకు?

ఒక చిక్కు ప్రశ్న: జులై నెలలో ఒక పిల్లవాడు నవహోవారి రాజధాని విండో రాక్‌లో తన గడియారం సరిచేసుకుని పేజ్ ఊరికి వచ్చాడు. గండి యాత్ర పేజ్ టైము ప్రకారం పది గంటలకు. అతని గడియారంలో సరిగ్గా పది కాగానే అక్కడికి చేరాడు. అతను ఆలస్యంగా వచ్చినట్టా, తొందరగా వచ్చినట్టా, ఎంత? జవాబు వచ్చే నెల.